జగదాంబ పెట్టె

తణుకులో బట్టలకొట్టు నడిపే జోగేశ్వరరావుకు ఆ పొద్దున ఒకటే పని. భార్య జగదాంబ స్నానానికి వెళ్లగానే ఆవిడ ట్రంకుపెట్టెను రిక్షా ఎక్కించాలి. సాయంత్రం పరిషత్తు పోటీల్లో వాళ్ల నాటిక ఉంది. మొగుడూ పెళ్లాల పోట్లాట కథ కాబట్టి స్టేజీ మీద కాపరం కనబడాలి, కాపరమన్నాక పెట్టె ఉండాలి. లోపల ఆవిడ పట్టుచీరలున్నాయి. తాళంచెవి ఆవిడ బొడ్డులో ఉంది. పెట్టె బరువుగా ఉంటేనే సహజంగా ఉంటుందని ఆయన తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

ఆరేళ్లుగా ఆయనకు కన్సొలేషన్ బహుమతిగా సబ్బుపెట్టే వస్తోంది. ఈసారి ఉత్తమ నటన కప్పు రాకపోతే మళ్లీ మొహానికి రంగు వేయనని కొట్లో అందరి ముందూ ఒట్టు పెట్టుకున్నాడు. ఆశంతా చివరి సీను మీదే. అందులో పెళ్లాం కాళ్ల మీద పడి ఏడుస్తుంది, మొగుడు క్షమించి నాలుగు పేజీల ఉపన్యాసం ఇస్తాడు. ఆ నాలుగు పేజీలూ నలభై రోజులు జగదాంబ ముందే వల్లించాడు.

"ఈ ఏడు నేను రానండి. ఆ ఉపన్యాసం మళ్లీ వింటే నా తల పగిలిపోద్ది," అందావిడ.

జోగేశ్వరరావు నొచ్చుకున్నట్టు మొహం పెట్టాడు గానీ లోపల పండగ చేసుకున్నాడు.

పెళ్లాం వేషానికి రాజమండ్రి నుంచి రాజరత్నం వచ్చింది. ఆడవేషాలకు అన్ని ఊళ్లవాళ్లూ ఆవిడనే పిలుస్తారు. ఒక్క రిహార్సలుకు మించి రావడానికి ఆవిడకు తీరిక ఉండదు. ఆ మధ్యాహ్నమే భీమవరం వాళ్ల నాటికలోనూ ఆవిడే పెళ్లాం. మొగుడు మారాడు గానీ పోట్లాట అదే.

చివరి సీను వచ్చింది. "నీకీ ఇంట్లో చోటు లేదు!" అని గర్జించి, ఆవిడ వచ్చి పడడానికి వీలుగా ఒక కాలు ముందుకు పెట్టి నిలబడ్డాడు జోగేశ్వరరావు.

రాజరత్నం పడలేదు. "మీతో కాపరం ఇక నావల్ల కాదు. వెళ్తున్నాను!" అంది. అది భీమవరం నాటిక ముగింపు. అందులో పెళ్లాం పెట్టె పట్టుకుని జనం మధ్య నుంచి వెళ్లిపోతుంది.

"కాళ్లండీ! కాళ్ల మీద పడాలండీ!" అంటూ తెర వెనక ప్రాంప్టరు సత్తిబాబు గోల పెట్టాడు. ఆవిడ వింటేగా! పెట్టె ఎత్తుకుని మెట్లు దిగిపోయింది.

జోగేశ్వరరావు నాలుగు పేజీలూ మరిచి వెనకాలే పరిగెత్తాడు. "మీరెళ్లండి! పెట్టె మాత్రం వదిలేసి వెళ్లండి!"

మొగుడి కక్కుర్తిని ఇంత బాగా ఎవరూ చూపించలేదని జనం చప్పట్లు కొట్టారు. అంతలో మూడో వరసలోంచి జగదాంబ లేచింది. పక్కింటి సంపూర్ణమ్మ పోరు పడలేక ఆఖరి నిమిషంలో వచ్చిందావిడ.

"ఏవమ్మా, నా పెట్టె ఎక్కడికి పట్టుకెళ్తున్నారు?"

తణుకు వాళ్లు కొత్త పాత్రను పెట్టారనుకుంది రాజరత్నం. ఆరితేరిన మనిషి, తడుముకోలేదు. "పన్నెండేళ్లు ఈయనతో కాపరం చేశాను. ఈపాటి పెట్టె నాకు దక్కొద్దా?"

"పన్నెండేళ్లా?" జగదాంబ మొగుడి వైపు తిరిగింది. "సరుకు కోసమని నెలనెలా రాజమండ్రి వెళ్లింది ఇందుకా అండీ?"

"నాటికలోనే జగదాంబా! ఒట్టు, నాటికలోనే!"

"మరి నా చీరలు కూడా నాటికలోవేనా?"

జోగేశ్వరరావు అమాంతం ఆవిడ కాళ్ల మీద పడ్డాడు. కాళ్ల మీద మనిషి పడగానే జగదాంబకు నలభై రోజుల పాఠం దానంతటదే నోటికొచ్చేసింది. "లేవండి. కాపరమంటే నాలుగు గోడలు కాదు, నమ్మకం..." అని మొదలుపెట్టి, నాలుగు పేజీలూ పొల్లు పోకుండా అప్పజెప్పింది. చివర్లో 'క్షమించాను' అన్న మాట మాత్రం మింగేసింది. హాలంతా లేచి నిలబడింది.

ఉత్తమ నటన కప్పు జగదాంబకే ఇచ్చారు. ఇంటికెళ్లాక ఆవిడ దాన్ని పట్టుచీరల మధ్య పెట్టి, పెట్టెకు తాళం వేసి, తాళంచెవి బొడ్డులో దోపుకుంది.

జోగేశ్వరరావుకు ఏడో సబ్బుపెట్టె వచ్చింది. దానికి తాళం అక్కర్లేదు.