పేరు చెప్పని కుటుంబం

"కౌంటీ ఆఫీసువాళ్ళు మన ఫారం తెచ్చి చర్చిలో చదువుతారా ఏమిటి?" అని వసంతకుమారి మూడోసారి అడిగింది. సోమవారం ఒకసారి, మంగళవారం ఒకసారి అడిగింది. ఇది బుధవారం.

కృపావరం ఇడ్లీ ముక్కను చట్నీలో ముంచి అక్కడే ఉంచాడు. తలకు ఉన్ని టోపీ ఉంది, ఒంటిమీద బయటికి వేసుకునే కోటు ఉంది. ఎదురుగా కూర్చున్న కూతురు హంసిక కూడా కోటుతోనే పాలు పోసుకుని సీరియల్ తింటోంది. నేపర్‌విల్‌లో జనవరి నెల ఎవరినీ మన్నించదు. ఆగస్టులో కృపావరం కాంట్రాక్ట్ అయిపోయింది, కొత్తది దొరకలేదు. వసంతకుమారికి డేకేర్‌లో వచ్చే జీతం ఇంటి వాయిదాకే సరిపోతోంది. గ్యాస్ బిల్లు మూడు నెలలుగా పేరుకుపోయింది. చలికాలంలో కనెక్షన్ తియ్యరట గానీ, మార్చి దాటాక తీస్తామని కంపెనీవాళ్ళు మర్యాదగా రాశారు.

ఆదాయం తగ్గినవాళ్ళకు హీటింగ్ బిల్లులో కౌంటీ సాయం చేస్తుందని వసంతకుమారి తెలుసుకుంది. కిందటి నెల ఆదాయం, బిల్లులు, గుర్తింపు కార్డులు అన్నీ ఒక పసుపు ఫైల్‌లో సర్దింది. ఇద్దరూ పదింటికి వెళ్ళాలని ఆ పూట సెలవు కూడా పెట్టింది.

"పద్దెనిమిదేళ్ళు ట్యాక్స్ కట్టి, ఇప్పుడు వెళ్ళి లైన్‌లో నిలబడతామా?" అన్నాడు కృపావరం.

"కట్టాం కాబట్టే నిలబడుతున్నాం. కట్టనివాళ్ళకి ఈ మొహమాటం ఉండదు."

అతని బాధ వేరే. వాళ్ళ తెలుగు చర్చిలో నాలుగేళ్ళుగా క్రిస్మస్‌కు పేదలకు బహుమతులు పంచేది అతనే. పంచే బల్లకు ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకు వెళ్ళడం అతనికి చేతకావడం లేదు. చివరికి ఒక రాజీ మార్గం చెప్పాడు. కౌంటీకి వెళ్ళేముందు సంఘంలో ఒక ప్రార్థన మనవి పెడదాం, పేరు లేకుండా.

"పేరు లేకపోతే డబ్బు ఎవరికిస్తారండీ?"

"నాకు తెలిసిన ఒక కుటుంబం అని చెప్తాను. నా చేతికిస్తారు. నేను నీ చేతికిస్తాను."

పద్దెనిమిదేళ్ళు సాఫ్ట్‌వేర్ డిజైన్ చేసిన మనిషి వేసిన ప్లాన్ కనుక అందులో లోపం ఆమెకు వెంటనే కనిపించలేదు. దేవుడికి బిల్లు కాపీ కూడా జతచెయ్యమంటారా అని మాత్రం అడిగి, పసుపు ఫైల్‌ను ఫ్రిజ్ మీద పెట్టేసింది. కృపావరం సంఘ పెద్ద షాలేం రాజుకు మెసేజ్ పంపాడు.

ఆదివారం షాలేం రాజు ఆ మనవిని ఎంత హృదయవిదారకంగా చదివాడంటే, కృపావరానికే ఆ కుటుంబం మీద జాలి కలిగింది. మన మధ్యనే ఒక కుటుంబం చలికి వణుకుతోందని, వాళ్ళు నోరు తెరిచి అడగలేని ఆత్మాభిమానం గలవాళ్ళని ఆయన చెబుతుంటే ముందు వరసలో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. ఒక కవరు అటూ ఇటూ తిరిగి కృపావరం చేతికి వస్తుందనుకుంటే, దాని బదులు ఒక కమిటీ వచ్చింది. దానికి 'వెచ్చని చేతులు' అని అక్కడికక్కడే పేరు పెట్టారు. ఆ కుటుంబం తెలిసింది అతనికొక్కడికే కనుక చైర్మన్ కూడా అతనే అయ్యాడు. మొదటి మీటింగ్ చైర్మన్ ఇంట్లో అన్నారు.

మీటింగ్ రోజు మధ్యాహ్నం నుంచే హీటింగ్ డెబ్బై నాలుగు ఫారెన్‌హీట్ డిగ్రీలకు పెంచారు. రెండు నెలలుగా ఆ ఇంట్లో అంత వేడి లేదు. కోట్లు, టోపీలు, మేజోళ్ళు పోగుచేసి పై గదిలో దాచారు. చలికి ముగ్గురూ ఒకే గదిలో పడుకుంటున్నందున అక్కడికి చేరిన పరుపులను మళ్ళీ ఎవరి గదుల్లోకి వాళ్ళవి లాగారు. పదకొండు మంది వచ్చారు. మీ ఇల్లు ఎంత హాయిగా ఉందో అని అందరూ మెచ్చుకున్నారు. వసంతకుమారి ఉల్లిపాయ పకోడీలు వేసి, రెండోసారి టీ పెట్టింది.

కృపావరం అంతకుముందు రెండు రోజులు కూర్చుని స్లయిడ్లు తయారుచేశాడు. కౌంటీ సాయానికి ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఫారం నాలుగో పేజీలో అందరూ చేసే తప్పేమిటి, అన్నీ అందులో ఉన్నాయి. తను నింపనన్న ఫారం గురించి అతనికి ఇప్పుడు కౌంటీలో ఎవరికీ తెలియనంత తెలుసు. అతని సేవాభావం చూసి షాలేం రాజు ఆ స్లయిడ్లు తనకూ పంపమని అడిగాడు. కమిటీ కానుకలు కమిటీ సభ్యుల ఇళ్ళకు వెళ్ళకూడదని ఎవరో అంటే, అందరూ సరేనన్నారు. చైర్మన్ ఆ తీర్మానాన్ని తన చేత్తోనే టైప్ చేశాడు.

ఏడో స్లయిడ్ దగ్గర ఎస్తేరు రాణి గొంతు తగ్గించింది. ఆమె హాస్పిటల్‌లో బిల్లింగ్ చూస్తుంది. అదే హాస్పిటల్‌లో నర్సుగా చేస్తున్న పర్సిస్ ఈ నెలలో రెండు ఆదివారాలు చర్చికి రాలేదు. భర్త పోయాక కూతురితో ఒంటరిగా అపార్ట్‌మెంట్‌లో ఉంటోంది. ఐదేళ్ళుగా అదే కోటు.

"పర్సిస్ సిస్టరేనా, బ్రదర్? మీరు చెప్పక్కర్లేదు. అవునంటే ఊరుకోండి," అంది ఎస్తేరు రాణి.

పదకొండు మందీ కృపావరం వైపు చూశారు. కాదు అనడానికి రెండక్షరాలు చాలు. కానీ పర్సిస్ కాదంటే మరెవరని అడుగుతారు, ఆమె కాదు ఈమె కాదని తీసేసుకుంటూ వస్తే చివరికి ఈ గదిలోకే వస్తారు. అతను తల వంచుకుని తరవాతి స్లయిడ్‌కు వెళ్ళాడు. వంటింటి గుమ్మంలో పకోడీల పళ్ళెంతో నిలబడిన వసంతకుమారి కూడా ఏమీ అనలేదు. అనలేదన్న సంగతి తరవాత చాలా రోజులు ఆమెను కుట్టింది.

అక్కడి నుంచి పని కృపావరం చేతుల్లో లేదు. రెండు వారాల్లో పర్సిస్ గుమ్మం ముందుకు నాలుగు రూమ్ హీటర్లు, పద్నాలుగు దుప్పట్లు, లెక్కలేనన్ని మేజోళ్ళు వచ్చి పడ్డాయి. చైర్మన్ భార్య కనుక వసంతకుమారి కూడా ఏదో ఒకటి ఇవ్వాలి. పాతది ఇస్తే బాగుండదని తమ ఇంట్లో ఉన్న ఒక్క మంచి కంఫర్టర్ దుప్పటి ఇచ్చేసింది. ఒక సోదరుడు ప్లాస్టిక్ షీట్లు పట్టుకెళ్ళి, పర్సిస్ వద్దంటున్నా వినకుండా ఆమె కిటికీలన్నీ మూసి టేపు వేసి వచ్చాడు. వద్దనడం చూస్తేనే తెలుస్తోంది ఎంత అభిమానవంతురాలో అని అతను అందరికీ చెప్పాడు.

ఎస్తేరు రాణి హాస్పిటల్ బ్రేక్ రూమ్‌లో పర్సిస్ కోసం ఒక చందా డబ్బా పెట్టింది. దాన్ని చూసి పర్సిస్ పైన ఉన్న మేనేజర్ కరిగిపోయి, సంపాదన పెరుగుతుందని ఆమెకు మరో రెండు వారాంతపు షిఫ్టులు, ఒక సోమవారం రాత్రి షిఫ్టు వేసింది. దాంతో పర్సిస్ మరో రెండు ఆదివారాలు చర్చికి రాలేదు. చర్చిలో మిగిలిన కొద్దిమంది అనుమానం కూడా తీరిపోయింది. ఈలోగా మీటింగులు ప్రతి బుధవారం జరుగుతూనే ఉన్నాయి. ప్రతి బుధవారం హీటింగ్ డెబ్బై నాలుగు. నాలుగో బిల్లు వచ్చినప్పుడు వసంతకుమారి దాన్ని చదివి, మడిచి, పసుపు ఫైల్‌లో పెట్టి, చైర్మన్ గారికి అభినందనలు తెలిపింది.

ఆ ఆదివారం హంసిక సండే స్కూల్ నుంచి వచ్చి కారులో వెనక సీట్లో కూర్చుంది. గరాజ్‌లోకి వచ్చాక అంది.

"డాడీ, అవనిని వాళ్ళ నైబర్స్ డ్రాప్ చేశారు. అందరూ తనకి జాకెట్స్ ఇచ్చారు, క్లాస్‌లోనే. సెవెన్ జాకెట్స్. షీ వాజ్ క్రయింగ్ ఇన్ ద రెస్ట్‌రూమ్." సీటు బెల్టు తీసుకుంటూ మళ్ళీ అంది. "నేను కూడా చప్పట్లు కొట్టాను. ఐ డిడ్న్ట్ నో వాట్ టు డూ."

అవని పర్సిస్ కూతురు. పన్నెండేళ్ళ పిల్ల. కృపావరం కారు ఆపేసి కూడా స్టీరింగ్ వదల్లేదు.

మరునాడు సాయంత్రం, ఇంకా వెలుగు ఉండగానే, తలుపు కొట్టిన చప్పుడైంది. బుధవారం కాదు కనుక ఇల్లు చల్లగా ఉంది. హంసిక కోటు, చేతి తొడుగులు వేసుకుని బల్ల దగ్గర లెక్కలు చేస్తోంది. తొడుగు వేళ్ళ చివర్లు కత్తిరించి ఉన్నాయి, పెన్సిల్ పట్టుకోవడానికి. వసంతకుమారి రెండు స్వెటర్ల మీద శాలువా కప్పుకుని పప్పు తాలింపు వేస్తోంది. కృపావరం టోపీ తీసేసే వ్యవధి లేకుండానే తలుపు తీశాడు.

పర్సిస్ డ్యూటీ బట్టల్లో, పాత కోటులో నిలబడి ఉంది. వెనక ఆమె కారు డిక్కీ మూతపడక తాడుతో కట్టి ఉంది.

"ఒక్కమాట అడిగి వెళ్తాను, అన్నయ్యా. మా అపార్ట్‌మెంట్‌లో హీటింగ్ అద్దెలోనే కలిసి ఉంటుంది. అదీ ఎక్కువై మేము కిటికీ తీసుకుని పడుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ కిటికీలకి టేపు వేసి పోయారు. అవని ఇంక చర్చికి రానంటోంది. కమిటీకి నా పేరు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదమ్మా," అన్నాడు కృపావరం. అది అక్షరాలా నిజం.

"చెప్పలేదు, సరే. కాదని ఎవరైనా అన్నారా?"

అతను పక్కకు తప్పుకున్నాడు. పర్సిస్ లోపలికి ఒక అడుగు వేసి ఆగింది. ఆమె మాట్లాడుతుంటే నోటి నుంచి ఆవిరి వచ్చింది, ఇంట్లో కూడా. హంసిక చేతి తొడుగుల వైపు చూసింది. వంటింటి లోంచి శాలువాతో వచ్చిన వసంతకుమారిని చూసింది. కృపావరం తల మీద టోపీని చూసింది. పదేళ్ళ నర్సు ఉద్యోగంలో, మనిషి చెప్పేది విని కాదు, మనిషిని చూసి జబ్బు కనిపెట్టడం ఆమెకు అలవాటు.

"ఎప్పటినుంచి అక్కా?" అంది.

వసంతకుమారి శాలువా సర్దుకుంది. హంసిక చెప్పింది, తలెత్తకుండా, నవంబరు నెలాఖరు, థాంక్స్‌గివింగ్ పండగ నుంచి అని.

పర్సిస్ కోపంతో వచ్చిన మనిషి. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియలేదు. తరవాత బయటికి వెళ్ళి తాడు విప్పింది. ఒక్కొక్క హీటరూ, ఒక్కొక్క దుప్పటీ లోపలికి మోసుకొచ్చింది. కృపావరం సాయం చెయ్యబోతే వద్దంది. దుప్పట్లలో తన కంఫర్టర్ కనిపించి, వసంతకుమారి దాన్ని పోల్చుకున్నట్టు ఎవరికీ తెలియకుండా చూపు తిప్పుకుంది. చివరికి పర్సిస్ ఒక మందపాటి కవరు తెచ్చి లెక్కల పుస్తకం పక్కన పెట్టింది.

"ఇందులో సంఘం ఇచ్చిందీ ఉంది, హాస్పిటల్ డబ్బాదీ ఉంది. నేను ముట్టుకోలేదు. అడిగింది మీరు, మీ దగ్గరే ఉండాలి."

"పర్సిస్, మేము..." అంది వసంతకుమారి.

"మీరు అడిగుంటే నేనే ఇచ్చేదాన్ని అక్కా. నాకు చెప్పుంటే, నా పేరే వాడుకోమని ఒప్పుకునేదాన్నేమో కూడా. ఒక్కమాట అడగాల్సింది." ఆమె గొంతు పెంచలేదు. "నాకు పోయిందేమీ లేదు. పిల్లకి ఎలా చెప్పాలో మాత్రం మీరు చెప్పండి."

టీ తాగి వెళ్ళమంటే, షిఫ్టుందని వెళ్ళిపోయింది. నిజంగానే ఉంది, వాళ్ళ దయవల్ల.

ఆమె వెళ్ళాక పోపు మాడిన వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు. నాలుగు హీటర్లు వరసగా గోడ పక్కన ఉన్నాయి. ఒక్కటి పెట్టుకోవచ్చు కదా అని ఎవరికీ అనిపించలేదు. అనిపించినా కరెంటు బిల్లు గుర్తొచ్చి ఉంటుంది. వసంతకుమారి మొగుణ్ణి ఏదైనా అందామనుకుంది. పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడిన తను గుర్తొచ్చి మానుకుంది. వెళ్ళి మాడిన పోపు పారబోసి, కొత్తగా వేసి, అన్నం వడ్డించింది.

సగం భోజనమయ్యాక కృపావరం టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"రేపు పొద్దున్న మీ అమ్మా నేనూ కౌంటీ ఆఫీసుకి వెళ్తున్నాం," అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "ఈ డబ్బు ఎవరిది వాళ్ళకి తిరిగి ఇచ్చేస్తున్నాం. ఆదివారం నేను లేచి నిలబడి చెప్తాను. పర్సిస్ కాదు, మేము అని."

"పేరుతోనా?" అంది హంసిక.

"పేరుతోనే."

"ఆదివారం దాకా వద్దు డాడీ. అవనికి ఈరోజే చెప్పాలి. మనమే వెళ్ళి."

కృపావరం తల ఊపాడు. వసంతకుమారి లేచి ముగ్గురి కంచాలూ తీసింది. అది ఒప్పుకోవడమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. కారు తాళాలు తీసుకుంటుంటే అతని ఫోన్ మోగింది.

షాలేం రాజు గారి మెసేజ్: ఆ కౌంటీ ఫారం ఒకటి అర్జెంటుగా పంపమని, తనకు తెలిసిన ఒక కుటుంబానికి కావాలని, పేరు మాత్రం అడగవద్దని.