కృపానందం కంచె బడ్జెట్టు

మారెప్ప చెప్పిన అంకె వినగానే కృపానందం నోట్లో ఉన్న కాఫీ ముక్కులోంచి బయటికొచ్చింది.

"నలభై వేలా! ఇంటి చుట్టూ కంచె అడిగితినప్పా, కోటగోడ కాదు!"

"నేనేం చేసేది సార్?" అన్నాడు కంచెలు వేసే మారెప్ప. "రాయి తోలే లారీలన్నీ మైన్సుకు పోయినాయి. గుంత తీసేవాళ్ళంతా యశ్వంతనగర్ గనుల్లో ఉండారు. ముళ్ళతీగ రేటు పొద్దున ఒకటి, మాపున ఒకటి. మీరు ఆ కాఫీ తాగేలోపల ఇంకో వెయ్యి జాస్తి అయితాది."

కృపానందం గభాలున గ్లాసు కింద పెట్టేశాడు. కాఫీ మానేసి ఏం లాభం, మారెప్ప అప్పటికే చెప్పులేసుకుంటున్నాడు.

కంచె లేకపోతే గడిచేలా లేదు. బళ్ళారి దాటి సంగనకల్లు దారిలో ఇల్లు కట్టుకుని ఏడాదయింది. రోడ్డు మీద ఖనిజం లారీలు ఇరుక్కున్నప్పుడల్లా, వెనకొచ్చేవాళ్ళు కృపానందం పెరట్లోంచి పక్కదారి పట్టేవారు. కిందటి వారం ఒక డ్రైవరు అతని భార్య హన్నా వేసిన వంకాయ మడిలోంచి, నీళ్ళపొయ్యి మీదుగా లారీని పోనిచ్చి, వంటింటి కిటికీ దగ్గర ఆపి, "ఆంటీ, పెద్దరోడ్డు యాడ?" అని మర్యాదగా అడిగాడు.

"క్రిస్మస్ లోపల కంచె పడాల," అంది హన్నా. "లేకపోతే నేను మా అమ్మగారింటికి పోతా. నువ్వు, లారీలు కలిసి కాపురం చేసుకోండి."

"పెట్టెలో పన్నెండు వేలు ఉండాది గదా..."

"అందులో పది వేలు మనది కాదు. మొక్కుబడిది."

ఆ మాట వినబడగానే కృపానందానికి చెవుడొచ్చేది. నిరుడు మూత్రంలో రాయి అడ్డుపడి మెలికలు తిరిగిపోతున్నప్పుడు, ఆదివారం ఆరాధనలో అందరి ముందూ లేచి, "ఈ రాయి పోతే గుడి కప్పుకు పది వేలు ఇస్తా ప్రభువా!" అని గట్టిగా ఏడ్చాడు. మూడో రోజుకు రాయి పోయింది. దాంతోపాటు జ్ఞాపకశక్తి కూడా పోయింది. సంఘం కోశాధికారి కెన్నెత్ ఎదురైతే సందుల్లోకి తప్పుకోవడం నేర్చాడు. హన్నా మాత్రం ఏడాదిగా గుడిలో తలెత్తలేకపోతోంది.

"దేవునికి ఇనుము రేట్లు తెలియవా? వచ్చే ఏడు ఇస్తాం లే," అన్నాడు కృపానందం.

"ఆ రాత్రి నొప్పిలో నువ్వు అరుస్తాంటే నీ చెయ్యి పట్టుకుని ఏడ్చింది నేను. నాకు వచ్చే ఏడు అని చెప్పొద్దు," అని హన్నా లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు నిజంగానే మనసు కష్టమైంది.

అప్పుడే కృపానందానికి గొప్ప ఆలోచన తట్టింది. పాత మిషన్ బంగళాకు ప్రహరీ కడుతున్నారు. అక్కడి పాత కంచె, అరవై రాతి స్తంభాలూ తీగతో సహా, కోతపండుగ వేలానికి రాబోతోంది. కోతపండుగంటే తెలిసిందే. ఇంటింటివాళ్ళూ కోళ్ళూ గుమ్మడికాయలూ గుడికి తెచ్చిస్తే, వాటిని వేలం వేసి డబ్బు గుడికి జమచేస్తారు. కొత్తగా లారీలు కొన్నవాళ్ళు గుమ్మడికాయకు ఎనిమిది వందలు పాడుతున్న రోజులు. కానీ పాత రాళ్ళు ఎవరిక్కావాలి? రెండు వేలకు వచ్చేస్తాయి. మిగిలిన పది వేలతో గుంతలూ, గేటూ. మొక్కుబడి వచ్చే ఏడు.

విత్తనాల గోడౌన్లో గుమాస్తా కాబట్టి ఇదంతా కాగితం మీద పెట్టకపోతే అతనికి నిద్ర పట్టదు. తను పాడితే కెన్నెత్ కంట్లో పడతాడు గనక, తన బదులు గోడౌన్లో తనతో పనిచేసే టైటస్ పాడాలి. టైటస్‌కు నోటితో చెప్పిన సూచనలు కూడా అందులోనే రాసుకున్నాడు: "ఎవరెంత పాడినా ఒక వంద ఎక్కువ పాడవలెను. నేను దగ్గినా వెనక్కి తిరగరాదు." కాగితం మడిచి, ఇంట్లోని పాటల పుస్తకంలో సమాధి పాటల దగ్గర దాచాడు. ఇంట్లో అందరూ క్షేమంగా ఉండగా సమాధి పాటలు ఎవరు తెరుస్తారని అతని ధైర్యం.

కోతపండుగనాడు మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చున్నారు. కృపానందం చిట్టచివర స్తంభం చాటున నక్కాడు.

"పాత కంచె!" అన్నాడు కెన్నెత్.

"వెయ్యి!" అన్నాడు టైటస్.

"రెండు వేలు," అని ఎడమవైపు నుంచి వినబడింది.

కృపానందం ఉలిక్కిపడి చూశాడు. పాడింది యూనీసమ్మ. రిటైరైన నర్సు. ఉండేది ఒక్క గది అద్దె ఇంట్లో. ఆమె ఆస్తి ఒక మంచం, ఒక పిల్లి. అరవై స్తంభాలు పిల్లికి కట్టిస్తుందా?

"రెండు వేల వంద!"

"నాలుగు వేలు."

"నాలుగు వేల వంద!"

కృపానందం దగ్గాడు. టైటస్ తిరగలేదు.

"ఏడు వేలు," అంది యూనీసమ్మ తాపీగా.

"ఏడు వేల వంద!"

కృపానందం క్షయరోగిలా దగ్గాడు. పక్కనున్నాయన నీళ్ళు తెచ్చిచ్చాడు. టైటస్ మెడ మాత్రం కొయ్యలా బిగుసుకుపోయింది. అంత నమ్మకస్తుడైన స్నేహితుణ్ణి చూసి కృపానందానికి కన్నీళ్ళొచ్చాయి.

"పదకొండు వేల తొమ్మిది వందలు," అంది యూనీసమ్మ.

"పన్నెండు వేలు!" అని టైటస్ గావుకేక పెట్టాడు.

యూనీసమ్మ కళ్ళద్దాలు తీసి, తుడిచి, సంచిలో పెట్టుకుంది. కెన్నెత్ "పన్నెండు వేలు" అని మూడు సార్లు అన్నాడు. అయిపోయింది.

"గెలిచినామప్పా!" అని టైటస్ పరుగెత్తుకొచ్చాడు. "తిరగనేలేదు, చూసినావా!"

ఇక గుంతలకు డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి, హన్నాకు ఏం చెప్పాలి అని కృపానందం గుడ్లు తేలేసి చూస్తుంటే, హన్నా నింపాదిగా లేచి, చేతిసంచిలోంచి ఒక కట్ట తీసి కెన్నెత్ చేతిలో పెట్టింది. సరిగ్గా పన్నెండు వేలు, పెట్టెలోనివే!

కెన్నెత్ రసీదు పైకి చదివాడు. "కృపానందంగారి నుంచి, పాత కంచెకు రెండు వేలు. రాయి పోయినందుకు మొక్కుబడి పది వేలు!"

గుడంతా చప్పట్లు. పాస్టరుగారు ముందుకు పిలిచి తలమీద చెయ్యి పెట్టారు. కృపానందం అయోమయంగా నవ్వుతూ అందరికీ చేతులు జోడించాడు. ఇంకేం చేస్తాడు?

బయటికొచ్చాక హన్నాను పక్కకు లాగాడు. "నీకెట్ల తెలిసె?"

"పోయిన నెల మారతయ్య తాత పోయినప్పుడు సమాధి పాట పాడినాం గదా. పుస్తకం తెరిస్తే నీ బడ్జెట్టు సమాధి గుంతలో పడింది. యూనీసక్కే తీసిచ్చె. యాడిదాకా పాడాల్నో ఆయక్కకు, రసీదు ఎట్ల రాయాల్నో కెన్నెత్‌కు నేనే చెప్పినా." హన్నా నవ్వింది. ఏడాది తర్వాత ఆమె తలెత్తి నడుస్తోంది. ఆ మొహం చూశాక కృపానందానికి కోపం తెచ్చుకోవడం చేతకాలేదు.

గుంతలకు డబ్బు మిగల్లేదు. అరవై గుంతలూ కృపానందమే గడ్డపారతో తవ్వాడు. టైటస్ స్తంభాలు పట్టుకున్నాడు, ఈసారీ ఎంత పిలిచినా తిరగకుండా.

కంచె పడింది. లారీలు ఆగాయి. ఆ సాయంత్రం కృపానందం బొబ్బలెక్కిన చేతులతో గేటు బడ్జెట్టు రాసుకుని, అటూ ఇటూ చూసి, చప్పుడు కాకుండా పాటల పుస్తకం అందుకున్నాడు.

"పెండ్లి పాటల కాడ పెట్టొద్దప్పా," అంది హన్నా వంటింట్లోంచి. "బేస్తవారం టైటస్ చెల్లెలి పెండ్లి ఉండాది."