నేలతాత మ్యూజియం వదలనన్న రోజు

శుక్రవారం నాటికి కో యూహ్వా వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. పొద్దున్నే దేవుడు వెళ్తాడు, మధ్యాహ్నం డైనోసార్ వస్తుంది, సాయంత్రానికి హాలు సిద్ధం. మధ్యలో తీరిగ్గా ఆల్చిప్పల అట్టు తినడానికి కూడా ఆమె కాస్త సమయం ఉంచుకుంది, పాపం.

తైవాన్ దక్షిణ తీరాన ఉన్న ఆ చిన్న మ్యూజియంలో ఆమెది తాత్కాలిక ఉద్యోగం. "సాయంత్రానికి డైనోసార్ నిలబడితే నీ ఉద్యోగం నిలబడుతుంది. లేదంటే ఆ ఎముకలతో పాటు నువ్వూ లారీ ఎక్కేయొచ్చు" అని డైరెక్టర్ ఫాన్ ముందే చెప్పేశాడు. ఆయన మొహమాటం ఎరగని మనిషి.

వెళ్లాల్సిన దేవుడు నేలతాత. పక్కనున్న రేవుపల్లెకు ఆయనే నేలదేవుడు. మూరెడు కొయ్యబొమ్మ, తెల్లగడ్డం, బూరెబుగ్గలు. 'తీరం దేవుళ్లు' అనే ప్రదర్శన కోసం గుడివాళ్లు అరువిస్తే, మూడు నెలలుగా హాలు నడిమధ్య పీట మీద కూర్చుని ఉన్నాడు.

ఆయన్ని తీసుకెళ్లడానికి గుడి పెద్ద శ్యావ్ కిన్‌తియోక్ పల్లకీతో, డప్పులతో, సగం పల్లెతో దిగాడు. అయితే దేవుణ్ణి కదపాలంటే ముందు ఆయన్నే అడగాలి. అందుకు నెలవంకల్లాంటి ఎర్రచెక్కలు రెండుంటాయి. నేల మీద వేసినప్పుడు ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే దేవుడు సరేనన్నట్టు; వరసగా మూడుసార్లు అలా పడితేనే మాట ఖాయం. రెండూ బోర్లా పడితే కుదరదన్నట్టు. రెండూ వెల్లకిలా పడ్డాయా, జవాబు చెప్పకుండా ఆయన నవ్వుతున్నట్టు.

"తాతా, ఇంటికి పోదామా?" అని శ్యావ్ చెక్కలు వేశాడు. కుదరదన్నాడు తాత. మళ్లీ వేశాడు. మళ్లీ అదే మాట. ఇంకోసారి వేస్తే నవ్వాడు.

యూహ్వా గడియారం చూసుకుని శ్యావ్ వైపు తిరిగింది. "నేల మరీ నున్నగా ఉందేమో తాతగారూ..."

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు నెపం నేల మీద పెట్టకమ్మాయ్! ఆయన మనసులో ఏదో ఉంది. నైవేద్యానికి ఏమైనా లోటు చేశారా? మీవాళ్లెవరైనా నోరు జారారా?"

ఒక్కొక్కటే అడిగారు. తాత నవ్వుతూనే ఉన్నాడు. అప్పుడు టికెట్ల దగ్గర కూర్చునే అశ్యా అత్త పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ లేచి వచ్చింది.

"మీరు మగాళ్లు, మీకు తెలీదులే. ఆయన ఎదురుగా గోడ మీద ఏముందో చూశారా? 'త్వరలో' అని అంత బోర్డు! శనివారం సినిమా, ఆదివారం తాతలూ మనవలూ కలిసి పిండి ఉండలు చేసే పండగ. మూడు నెలలు అది కళ్లముందు పెట్టుకుని, తీరా ఆట మొదలయ్యే ముందు రోజు పొమ్మంటే ఎవరు పోతారు?"

ఆ తీరంలో దేవుడికి మొక్కుకుని సినిమా వేయించడం అందరూ చేసేదే. శ్యావ్ వెంటనే అడిగాడు, "సినిమా చూస్తావా తాతా?" తాత వరసగా మూడుసార్లు సరేనన్నాడు. డప్పులు దద్దరిల్లాయి.

ఆ చప్పుడుకు డైరెక్టర్ ఫాన్ పరుగున వచ్చాడు. "దేవుడికి సినిమా ఏంటి? నేనివన్నీ నమ్మను!" అన్నాడు, విగ్రహానికి అడ్డం రాకుండా ఓ పక్కకు జరిగి.

"నమ్మకపోతే మంచిదే కదా సార్, మీరే ఎత్తి పల్లకీలో పెట్టండి" అంది అశ్యా అత్త.

డైరెక్టర్ చేతులు జేబుల్లోకి వెళ్లిపోయాయి. "శనివారం సినిమా ఇప్పుడే వెయ్యి" అని యూహ్వా మీద అరిచాడు.

తెరలు దించి సముద్ర తాబేళ్ల సినిమా వేశారు. దేవుడికి సినిమా అని తెలిసేసరికి మిగతా సగం పల్లె కూడా ఎర్ర స్టూళ్లు పట్టుకుని వచ్చింది. వెనకే వేయించిన సాసేజీల బండి వచ్చింది. దాని వెనక డైనోసార్ లారీ వచ్చి ఇరుక్కుపోయింది. సినిమా అయ్యాక అడిగితే తాత మళ్లీ కుదరదన్నాడు.

"ఉండలు!" అని జనం అరిచారు.

యూహ్వాకు ఏడుపొచ్చింది. వచ్చిందే కానీ ఏడవడానికి తీరిక లేదు. ఆదివారం పండగను కూడా శుక్రవారానికి లాగి, అందరినీ ముంగిట్లో పిండి పళ్లాల ముందు కూర్చోబెట్టింది. తాతలు చుట్టారు, మనవలు ఒకరికొకరు పూసుకున్నారు. ఇటు హాలు ఖాళీ అయింది, అటు పొద్దు వాలుతోంది. ఆమె లారీవాళ్లను పిలిచింది.

"మధ్యలో దేవుడున్నాడు కదా అక్కా?" అన్నాడు మేస్త్రీ.

"ఆయన్ని ముట్టుకోవద్దు. ఆయన చుట్టూ నిలబెట్టెయ్యండి."

వాళ్లు నిలబెట్టేశారు.

శ్యావ్ వేడివేడి ఉండల గిన్నె రెండు చేతులతో పట్టుకుని, తల వంచుకుని లోపలికి వచ్చాడు. గిన్నె పెట్టి చెక్కలు వేశాడు. సరే. మళ్లీ సరే. మూడోసారీ సరే! "తాత వస్తానన్నాడు!" అని ఆనందంగా తలెత్తాడు. నెత్తి మీద డైనోసార్ పొట్ట కనబడింది. నాలుగు పక్కలా నాలుగు కాళ్లు.

"పర్వాలేదు తాతగారూ, కాళ్ల మధ్యనుంచి మెల్లగా బయటికి తెచ్చేయొచ్చు" అంది యూహ్వా.

"ఏంటీ? మా దేవుడు ఒక బల్లి కాళ్ల సందులోంచి దూరి రావాలా? మనుషుల్ని అవమానించాలన్నా అంత పని చెయ్యరు! ముందు దీన్ని విప్పు!"

"విప్పితే నా ఉద్యోగం పోతుందండీ!" అని ఆ పిల్ల ఈసారి నిజంగానే ఏడ్చేసింది.

డైరెక్టర్ బయట చూశాడు. మ్యూజియం కట్టినప్పటి నుంచీ అంత జనం రాలేదు. లోపల చూశాడు. డైనోసార్ నిలబడింది, అన్న మాట ప్రకారం. కానీ ఇంత రభస చేసిన మనిషిని ఉంచాలో పంపాలో ఆయనకు పాలుపోలేదు. అటూ ఇటూ చూసి, గొంతు సవరించుకుని, చెక్కలు అందుకున్నాడు.

"నేను నమ్మను. ఊరికే అడుగుతున్నానంతే. ఈ అమ్మాయిని పర్మనెంట్ చెయ్యమంటారా?"

మూడుసార్లూ సరేనన్నాడు తాత. ఏడుస్తున్న పిల్లను చూసి శ్యావ్ కూడా మెత్తబడ్డాడు. "ఎముకలు వెళ్లేదాకా తాతను ఇక్కడే ఉండనీ. రోజూ నైవేద్యం మాత్రం తప్పకూడదు" అని ఖాళీ పల్లకీ ఎత్తించుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు యూహ్వాను తీసెయ్యాలంటే నేలతాత ఒప్పుకోవాలి, నేలతాతను తియ్యాలంటే డైనోసార్‌ను విప్పాలి, డైనోసార్‌ను విప్పడానికి ఈ ఏడు బడ్జెట్ లేదు.