ఆ నెయ్యే వేరు

శనివారం పొద్దున్న కమలకుమారి పెట్టుకున్న పని చిన్నదే. మధ్యాహ్నంలోగా యాభై కజ్జికాయలు వేయించాలి. జనవరి ఇన్‌టేక్‌లో కాలేజీల్లో చేరడానికి దిగిన స్టూడెంట్లకు స్నేహితురాలు పద్మిని తన ఇంట్లో భోజనాలు పెడుతోంది. స్వీటు తనదేనని కమలకుమారి వారం ముందే ఊళ్లోని తెలుగువాళ్ల గ్రూపులో ప్రకటించింది. కెనడాలోని ఈ రిచ్‌మండ్ హిల్‌లో మాట తప్పినా బతకొచ్చు గానీ, గ్రూపులో తప్పి బతకడం కష్టం.

మొదటి వాయి నూనెలోనే విచ్చుకుంది. రెండో వాయికి పొగ అలారం మోగింది. బేస్‌మెంట్‌లో అద్దెకున్న ఐదుగురు స్టూడెంట్లు దుప్పట్లతో సహా మంచులోకి పరుగెత్తారు. వాళ్లను లోపలికి పిలిచే బాధ్యతా, స్వీటు బాధ్యతా కలిపి భర్త వీరభద్రం మీద పడ్డాయి.

అతనికి స్టేషన్ దారిలోని చైనీస్ బేకరీ గుర్తొచ్చింది. వాళ్ల కొత్త సంవత్సరం కావడంతో యావ్‌గోక్‌లనే కాంటనీస్ మిఠాయిలు అద్దాల వెనక గుట్టపోసి ఉన్నాయి. అదే అర్ధచంద్రం, అదే అంచు అల్లిక, లోపల అవే వేరుశనగలు, నువ్వులు, కొబ్బరి, పంచదార. యాభయ్యీ స్టీలు డబ్బాలోకి మారి కజ్జికాయలయ్యాయి.

పద్మిని మామగారు విశ్వేశ్వరరావు ఉల్లిపాయ తరిగిన కత్తిని కూడా ముట్టరు. భోజనాల దగ్గర ఆయన ఒకటి తిని, కళ్లు మూసుకుని, ఇంకో ఆరు తిన్నారు.

"అమ్మాయ్, ఇలాంటి నెయ్యి వాసన కెనడాకొచ్చాక ఇదే మొదలు. వచ్చే శనివారం నా డెబ్బయ్యో పుట్టినరోజు. వంద చేసి పెట్టు."

ఇంటికొచ్చాక వీరభద్రం ఖాళీ అట్టపెట్టె పారేయబోతూ లేబుల్ చదివాడు.

"కమలా, పిండిలో వేసింది నెయ్యి కాదే. పంది కొవ్వు."

ఆమె అట్టపెట్టె లాక్కుని తనూ చదివింది. "ఎన్ని తిన్నారాయన?"

"ఏడు. రెండు రేపటికి దాచుకున్నారు."

దాంతో నిజం చెప్పే దారి మూసుకుపోయింది. కొన్నామంటే ఎక్కడని అడుగుతారు. ఎక్కడో చెబితే ఎవరో ఒకరు వెళ్లి లేబుల్ చదువుతారు. కమలకుమారి వారమంతా ఆఫీసు మీటింగుల్లో కెమెరా ఆపేసి అంచులు అల్లడం నేర్చుకుంది. నాలుగు సీసాల ఆవునెయ్యి ఖర్చయింది. శుక్రవారానికి ఒక్కటీ విచ్చుకోలేదు.

పుట్టినరోజు నాడు వందా ఆమె చేతివే. పెద్దాయన ఒకటి కొరికి, మిగతా సగం ప్లేటులో పెట్టేశారు. హాలంతా అటే చూసింది.

"ఏమనుకోకమ్మా. తీరిక లేక షాపులో కొన్నట్టున్నావు. పోయినసారి నీ చేత్తో చేసినవాటికీ వీటికీ పోలికే లేదు. ఆ నెయ్యే వేరు."

అవన్నీ తానే చేశానని కమలకుమారి ఒట్టేసింది. పద్మిని వెనకేసుకు రాబోయి, ఒకటి తిని చూసి, మానుకుంది.

"పోనీ, ఆ నెయ్యి బ్రాండు చెప్పు. తెప్పించుకుంటాను," అన్నారు పెద్దాయన.

ఆమె వీరభద్రం వైపు చూసింది. వీరభద్రం కేకు వైపు చూశాడు.

"గుర్తు లేదండీ," అంది.

వాళ్లు ఇల్లు చేరేలోపే గ్రూపులో తేలిపోయింది: కమలకుమారి గారికి చెయ్యి మంచిదేగానీ, నెయ్యి దగ్గర మరీ పిసినారి.