మేస్త్రి పెంచిన కుర్చీ

ఆ ఉదయం మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. లోపలి గదిలో టైలరమ్మ మంచం మీద పడుకుని చేసే ఎక్సర్‌సైజులు పూర్తయ్యేలోగా, భోజనాల గదిలో ఒక్క కుర్చీని, ఒకే ఒక్క కుర్చీని, ఆరు వేళ్లు కిందికి దించాలి. నలభై ఏళ్లు తలుపులూ కిటికీలూ చేసిన వడ్రంగికి అదేమంత పని? మహా అయితే పావుగంట.

ఇంతకీ ఆ కుర్చీ పైకెందుకు పోయిందో ముందు చెప్పాలి. టైలరమ్మ ఆయన భార్యే. తుంటి కీలు మార్చి ఇంటికి పంపిస్తూ ఆస్పత్రివాళ్లు, ఆవిడ కూర్చునే కుర్చీ కొంచెం ఎత్తుగా ఉండాలన్నారు. మేస్త్రి రెండు వేళ్ల మందాన నాలుగు చెక్కలు చెక్కి కుర్చీ కాళ్ల కింద పెట్టాడు. కాలికి బలం వచ్చేకొద్దీ వారం వారం వాటిని తగ్గించుకుంటూ రావాలని, కసరత్తులు నేర్పడానికొచ్చే ఫిజియో అమ్మాయి మరీమరీ చెప్పింది. "అలాగేనమ్మా" అన్నాడు. అనడంలో ఏ లోటూ చేయలేదు.

మూడో వారంలో ఒక వేలు తగ్గించాడు కూడా. ఆ రోజు టైలరమ్మ లేవబోయి కూలబడింది. మళ్లీ లేవబోయి మళ్లీ కూలబడింది. మూడోసారి ప్రయత్నం చేయలేదు. గోడవైపు తిరిగి కూర్చుని చాలాసేపు ముక్కు తుడుచుకుంది. పిల్లల్ని అత్తవారింటికి పంపినప్పుడు కూడా కంటనీరు పెట్టని మనిషి. మేస్త్రి ఆ రాత్రే తన పని షెడ్డుకి వెళ్లి మందమైన చెక్కలు చెక్కాడు. మర్నాడు ఆవిడ నిద్ర లేవకముందే మూడు వేళ్ల చెక్కలు పెట్టేశాడు. ఆవిడ ఒక్క ఊపులో లేచి నిలబడి, "చూశారా, బలం వస్తోంది" అని నవ్వింది.

ఆ నవ్వు చూశాక ఆయన చెయ్యి ఆగలేదు. ఆవిడ నీరసంగా కనబడిన ప్రతి వారం మూడో కంటికి తెలియకుండా మరో వేలు ఎక్కించాడు. కుర్చీ పెరిగితే బల్ల ఊరుకుంటుందా? ఆవిడ మోకాళ్లు బల్లకి తగిలాయి. బల్లనీ పెంచాడు. బల్ల పెరిగితే దాని మీద వేలాడే దీపం అడ్డొచ్చింది. దీపాన్ని పైకి కట్టాడు. ఆవిడకొక్కదానికే ఎత్తు కుర్చీ అయితే అనుమానం వస్తుందని మిగతా కుర్చీలూ పెంచాడు. భోజనానికొచ్చిన బావమరిది కాళ్లు గాల్లో ఆడిస్తూ, "బావా, దిగడానికి నిచ్చెన ఎక్కడ పెట్టావ్?" అని అడిగాడు. "నువ్వు పొట్టివాడివైతే నేనేం చెయ్యను, తిను" అని మేస్త్రి వాడి నోరు మూయించాడు.

ఇలా ఉండగా ఆ పొద్దున ఎనిమిదింటికి ఫిజియో అమ్మాయి దగ్గర్నుంచి ఫోను వచ్చింది.

"బాబాయిగారూ, పదింటికి వస్తున్నా. పిన్నిగారు మామూలు కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా పదిసార్లు లేచి కూర్చోవాలి. లేస్తే వాకరు తీసేద్దాం, సోమవారం కొట్టు తెరుచుకోవచ్చు. లేకపోతే ఇంకో నెల ఇంట్లోనే."

"మామూలు కుర్చీ అంటే?"

"పద్దెనిమిది అంగుళాలు. నేను టేపు తెస్తాలెండి."

మేస్త్రి ఫోను పెట్టేసి కుర్చీ కాళ్లకేసి చూశాడు. ఇంకో నెలంటే ఆవిడ కుట్టుపని కొట్టు ఇక లేనట్టే. బీరువా నిండా కత్తిరించి పెట్టిన గుడ్డలున్నాయి, చీటీలతో సహా. సోమవారానికి తెరవకపోతే వాటిని వేరే టైలరుకి అప్పజెప్పాలి. "నేను కత్తిరించిన గుడ్డ ఇంకొకరు కుట్టారంటే, ఇక నేను ఆ మిషను ముందు కూర్చోను" అని ఆవిడ ఎప్పుడో తేల్చేసింది. అది పోతే పోయింది, అంతకంటే పెద్ద భయం ఆయనకి మరొకటుంది. ఆ అమ్మాయి వచ్చి, ఈ చెక్కలేమిటని ఆవిడ ముందే అడిగితే? ఇన్నాళ్లూ తనకొచ్చిందనుకున్న బలమంతా కట్టెముక్కలదని ఆవిడకి తెలిస్తే?

కుర్చీ దించేస్తే చెక్కల సంగతి బయటపడదు. ఆవిడ లేవలేకపోతే, రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదని చెప్పి వారం గడువు అడగొచ్చు. ఇదీ ఆలోచన.

కుర్చీ చక్కగానే దిగింది. అయితే ఆ పక్కనున్న బల్ల కొండలా కనబడింది. ఆయన కూర్చుని చూసుకుంటే గడ్డం బల్ల అంచుకి ఆనింది. ఎంత అమాయకురాలైనా ఫిజియో అమ్మాయికి కళ్లున్నాయి కదా. బల్లని కూడా దించక తప్పదు.

సరిగ్గా అప్పుడే వాకరు టకటకమంటూ టైలరమ్మ బయటికొచ్చింది.

"పడుకుని చేసేవి అయిపోయాయండీ. కూచుని చేసేవి ఇక్కడ చేసుకుంటా."

"ఇక్కడొద్దు. ఇక్కడ పని నడుస్తోంది."

"మీ పని మీది, నా పని నాది" అంటూ ఆవిడ వెళ్లి దించిన కుర్చీలోనే కూర్చుంది. కూర్చోవడానికి మామూలు కన్నా కొంచెం ఎక్కువసేపు పట్టింది. మడమలు ముందుకీ వెనక్కీ జారుస్తూ, లెక్కపెట్టుకోవడం మొదలెట్టింది.

ఇక మేస్త్రికి చెమటలు పట్టాయి. ఆవిడ లేవబోయి లేవలేకపోతే, మళ్లీ గోడవైపు తిరుగుతుంది. "నేను చెప్పేదాకా లేవకు" అని, బల్ల మూలని భుజంతో ఎత్తి చెక్క లాగబోయాడు. ఎత్తి పట్టుకోవడానికి ఏదో ఒక ఊత కావాలి. కళ్లెదురుగా వాకరు కనబడింది.

"అదెక్కడికి పట్టుకెళ్తున్నారు?"

"బోల్టులు వదులయ్యాయి. బిగిస్తాను."

వాకరు బల్ల కింద దూరింది. ఒక కాలి కింద చెక్క వచ్చేసింది. రెండో కాలి కిందిది లాగేసరికి అది చేతిలోంచి జారి గదిలో సగం దూరం పోయింది, వాకరు పక్కకి ఒరిగి అక్కడే ఇరుక్కుంది. బల్ల వాలింది. దాని మీది గ్లాసులు ఒకదాని వెనక ఒకటి, క్రమశిక్షణ గల పిల్లల్లా జారి కిందపడ్డాయి. మేస్త్రి గబుక్కున దూరి వీపు ఆన్చాడు. బల్ల ఆగింది. నడుములో మాత్రం ఏదో కటుక్కుమంది.

"ఏమైందండీ?"

"ఏం లేదు."

"బల్ల కింద ఏం చేస్తున్నారు?"

"వెతుకుతున్నా."

"ఏం వెతుకుతున్నారు?"

"దొరికాక చెప్తా."

ఆవిడ మెడ వంచి చూసింది. "నాలుగు కాళ్ల మీదున్నారు. అలా ఎంతసేపుంటారు?"

"అలవాటైపోయింది" అన్నాడు కానీ, ఒక మోచెయ్యి నేలకి వాలింది.

అప్పుడు బల్ల కింది నుంచి ఆయన చూసిందేమిటంటే, ఆవిడ రెండు పాదాలూ వెనక్కి జరిగాయి. మడమలు నేలకి ఆనాయి. మోకాళ్లు తిన్నగా అయ్యాయి. పద్దెనిమిది అంగుళాల కుర్చీలోంచి, వాకరు లేకుండా, టైలరమ్మ లేచి నిలబడింది.

"వద్దే, పడతావు" అన్నాడు మేస్త్రి.

"పడేది మీరు. మాట్లాడకుండా ఉండండి."

ఆవిడ బీరువా అంచు పట్టుకుని నాలుగడుగులు నడిచింది. వంగలేదు, వంగకూడదు కాబట్టి. ఆపరేషనైన కాలిని పక్కకి చాచి, జారిపోయిన చెక్కని నెట్టింది. రోజుకి ముప్ఫైసార్లు గాల్లో చేసే కసరత్తే అది. నెట్టి, నెట్టి, తెచ్చి బల్ల కాలు పక్కన పెట్టింది.

"ఇప్పుడు కొంచెం ఎత్తండి. ఊఁ. ఇంకొంచెం. వదలండి."

చెక్క కుదిరింది. మేస్త్రి బల్ల కింద నుంచి పాక్కుంటూ వచ్చి అక్కడే వెల్లకిలా పడుకున్నాడు. లేవడం ఆయనవల్ల కాలేదు. కప్పుకేసి చూస్తూ, "ఎప్పట్నుంచి తెలుసు?" అన్నాడు.

"మొదటి వేలు దగ్గర్నుంచే. టేపు మెడలో వేసుకుని ఊరందరి నడుములూ కొలిచినదాన్ని, నా పాదం నేలకి ఎంత దూరముందో నాకు తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"ఏం చెప్పమంటారు? నేను లేచిన ప్రతిసారీ మీ మొహం వెలిగిపోయేది. ఆస్పత్రి నుంచి వచ్చాక మీరు అన్నం సరిగ్గా తిన్నది ఆ తర్వాతే. మీరు మధ్యాహ్నం షెడ్డుకి వెళ్లగానే నేను మిషను గదిలో స్టూలు మీద చేసుకునేదాన్ని. ఫిజియో అమ్మాయిని ఫోనులో అడిగే చేశాను లెండి. మొదట్లో రెండుసార్లు. నిన్న పన్నెండు."

మేస్త్రి కళ్లు ఒకటికి రెండుసార్లు ఆర్పాడు. "ఒక్కదానివీ చేశావా? పడితే ఏం చేద్దామని?"

"ఎదురింటి ముసలమ్మ కిటికీలోంచి కాపలా కాసేది. మీరు వీధి మొదట్లోకి రాగానే దగ్గేది."

తలుపు చప్పుడైంది. ఫిజియో అమ్మాయి టేపు పట్టుకుని గుమ్మంలో ఆగిపోయింది. గ్లాసులు కింద, వాకరు బల్ల కింద, బాబాయిగారు నేల మీద, పిన్నిగారు నిలబడి.

"ఇద్దర్లో నా పేషంటు ఎవరండీ?"

"నేనేనమ్మా" అని టైలరమ్మ వెళ్లి కుర్చీలో కూర్చుంది, రెండు చేతులూ గుండెల మీద కట్టుకుంది. ఆ అమ్మాయి టేపు పెట్టి చూసింది. సరిగ్గా పద్దెనిమిది. ఒకటి, రెండు అని మేస్త్రి నేల మీద నుంచే లెక్కపెట్టాడు. ఏడు దగ్గర ఆవిడ మోకాలు వణికింది. ఆయన లెక్క ఆపేశాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, ఆయనకేసి చూసి, లేచింది. ఎనిమిది, తొమ్మిది, పది.

"సోమవారం కొట్టు తెరుచుకోండి పిన్నిగారూ" అంది ఫిజియో అమ్మాయి. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని మేస్త్రి నడుము నొక్కి చూసింది. ఆయన అన్న మాటలు రాయడానికి వీల్లేనివి.

వెళ్లేముందు ఆ అమ్మాయి తన కాగితంలో రెండు వరుసలు రాసుకుంది: పేషంటు ఎవరి సాయమూ లేకుండా నడుస్తున్నారు, సాయం చేసేవారికి రెండు వారాలు పూర్తి విశ్రాంతి అవసరం.