రాని రైలుకు ముందస్తు కృతజ్ఞత

మనిషిని జ్ఞానిగా మార్చడంలో అభివృద్ధి రుసుముకు సాటి లేదు! ఎన్నో ఏళ్ళు తత్త్వగ్రంథాలు చదివాను. ఫలాపేక్ష లేకుండా ఉండటం ఎలాగో వాటిలో ఏదీ నాకు నేర్పలేకపోయింది. మా వీధి చివర మెట్రో స్టేషన్ కడతామన్న నగరాభివృద్ధి సంస్థ మాత్రం ఒక్క నోటీసుతో నేర్పింది.

దాని సారాంశం సులభమే. స్టేషన్ వస్తే చుట్టుపక్కల నేల విలువ పెరుగుతుంది. పెరిగితే మీకు లాభం. లాభపడబోతున్నారు కనుక, వెడల్పాటి ఫుట్‌పాత్‌కు, వీధిదీపాలకు, రాతి బెంచీలకు అయ్యే ఖర్చు ఇప్పుడే భరించండి.

ఎంత నిర్మలమైన తర్కం! రైలు లేదు. పట్టాలు లేవు. లాభమూ లేదు. రుసుము ఉంది. ఇన్ని లేనివాటి నడుమ ఉన్నది అదొక్కటే అయినప్పుడు, సత్యమని దాన్ని కాక మరి దేన్ని అంటాం?

ఈ సత్యం మా పిన్నికి నాకంటే దగ్గరగా కనిపించింది. స్టేషన్ స్థలానికి సరిగ్గా ఎదురుగా, ఒక గది అద్దెకు తీసుకుని ఆమె బట్టలు కుడుతుంది. గది యజమాని ఉదారుడు. రుసుము కట్టే పుణ్యమంతా తానొక్కడే మూటగట్టుకోకుండా, అద్దెలో కలిపి పిన్నికి పంచి ఇచ్చాడు!

ముందుగా ఫుట్‌పాత్ వచ్చింది. ఎంత ఎత్తుగా వచ్చిందంటే, పిన్ని గది గడప నూతిలో పడ్డట్టయింది. పైన నిలబడినవారు బిగుతైన చొక్కాలను చేద దించినట్టు కిందికి దించేవారు. వినయం నేర్పడానికి ఇంతకంటే మంచి కట్టడం ఉంటుందా?

ఆపైన సంస్థవారు సభ పెట్టి, మా వీధి రేపు ఎలా ఉంటుందో గోడంత బొమ్మలో చూపించారు. బొమ్మలో అందరూ యువకులే. ఎవరి చేతిలోనూ సంచి లేదు. ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే తొందర లేదు. పిన్ని కళ్ళజోడు పెట్టుకుని బొమ్మ ఈ చివర నుంచి ఆ చివరిదాకా వెతికింది. తన గది ఉండవలసిన చోట అద్దాల తలుపుల కాఫీషాపు ఉంది.

"బాబూ, ఇందులో నా కొట్టేదీ?"

"ఇది ఊహాచిత్రం అమ్మా," అన్నాడు యువ అధికారి.

"ఊహించుకోవడానికి కూడా ఖర్చవుతుందా నాయనా? ఓ మూల నన్నూ వేస్తే పోయేదిగా!"

సభ నవ్వింది. పిన్ని నవ్వలేదు. "పోనీ, ఆ బెంచీలకు నేనూ కట్టాను కదా. ఒకదాని మీద మిషను పెట్టుకోనా?"

"అక్కడ వ్యాపారం నిషిద్ధం అమ్మా. కూర్చోవడానికైతే అది మీ బెంచీయే!"

చూశారా? ఆస్తి ఉండి, దాని మీద అధికారం లేకపోవడం! విరాగులు అడవులు పట్టి సాధించిన స్థితి మా పిన్నికి కొట్టు నుంచి పది అడుగులు వేస్తే దొరికింది.

పథకం విఫలమైందని మాత్రం ఎవరూ అనకూడదు. రైలు రాకముందే విలువ నిజంగా పెరిగింది. పెరిగిన విలువకు తగిన అద్దె ఇవ్వగలిగినవారు గది చూసుకుని వెళ్ళారు. యజమాని ఎంతో మర్యాదగా, నెలాఖరుకల్లా ఖాళీ చేయమన్నాడు. చివరి బస్టాపు దాటాక, ఇంకా ఎవరి ఊహాచిత్రంలోకీ ఎక్కని పేటలో పిన్నికి గది దొరికింది. పాత ఖాతాదారులు అంత దూరం వస్తారా అన్న ప్రశ్నకు నా పుస్తకాల్లో జవాబు లేదు.

ఆదివారం సామాను సర్దుతూ అడిగింది. "ఇంతకీ ఆ డబ్బంతా కట్టినందుకు నాకేం వచ్చినట్టురా?"

"నేల విలువ పెరిగింది పిన్నీ."

"నేల నాది కాదుగా!"

ఇదే అదను అనుకున్నాను. నాది అనుకోవడమే దుఃఖానికి మూలమనీ, తాను వాడుకోని వీధిని ఇతరుల కోసం బాగుచేసి వెళ్ళేవారు ధన్యులనీ, ఏ బంధమూ లేనివారికి ప్రయాణం తేలికనీ వివరించాను. పిన్ని ఓపికగా చివరిదాకా విన్నది.

"బాగా చెప్పావురా. ఇక ఆ మిషను అటు పక్క పట్టుకో."

పట్టుకున్నాను. ఇద్దరం కలిసి దాన్ని ఆ ఎత్తైన ఫుట్‌పాత్ మీదికి ఎక్కించలేకపోయాం.