పేరొక్కటే చెప్పదు

ముప్పై ఏళ్లు దాటిపోయాయి గానీ, ఆ మంగళవారం పొద్దున వేసుకున్న ప్లాను గడియారాలాయనకు ఇప్పటికీ కంఠతా వచ్చు. పదింటికి వలస ఆఫీసు, పదకొండున్నరకు కాగితం, పన్నెండుకల్లా దుకాణం షట్టరు ఎత్తడం. గడియారాలు బాగుచేసే మనిషి వేసిన ప్లాను కదా, నిమిషం కూడా అటూ ఇటూ కాదనుకున్నాడు పాపం.

పైదేశం నుంచి వచ్చినవాడు ఆ ఊళ్లో ఉండిపోవాలంటే ఆ కాగితం కావాలి. అక్కడి రొట్టెల దుకాణంవాళ్ల అమ్మాయిని చేసుకుని రెండేళ్లయింది కాబట్టి అడిగే హక్కుంది. కాకపోతే కాగితం కోసం దొంగపెళ్లిళ్లు ఎక్కువయ్యాయని, మొగుణ్ణీ పెళ్లాన్నీ విడివిడిగా కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవారు. జవాబులు కుదరలేదో, నెలలోపు మూటాముల్లె సర్దుకోవలసిందే. అందుకని పది రోజులుగా ఇద్దరూ పరీక్షకు చదివినట్టు చదివారు. ఎవరి బ్రష్షు ఏ రంగు, మంచానికి ఎవరు ఏ పక్క, అన్నీ.

"గురక ఎవరిది?"

"మీదేనండీ."

"కాస్త తగ్గించి చెప్పు."

"ప్రభుత్వానికి అబద్ధం చెప్పమంటారా?"

అన్నీ చదివారు గానీ, పేర్లు అడుగుతారన్న ఆలోచన ఎవరికీ రాలేదు. నిజానికి గడియారాలాయన పేరుకో కథ ఉంది. ఆ దేశంలో అడుగుపెట్టినప్పటి నుంచీ ఆయన పేరు సవ్యంగా పలికిన నోరు లేదు. ఒకడు సగానికి విరిచేవాడు, ఇంకొకడు మొదలుపెట్టి దగ్గేవాడు. ఈ పిల్ల మాత్రం పట్టుబట్టి, మూడు నెలలు నాలుక తిప్పి తిప్పి నేర్చుకుంది. ఆమె తప్పు లేకుండా పిలిచిన రోజే ఆయన పెళ్లి మాట ఎత్తాడు.

పెళ్లయిన వారానికి స్వదేశం నుంచి ఆయన తల్లి దిగింది. కోడలు మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం విని "అయ్యో రాత! వాడికి ఆయుక్షీణమే తల్లీ!" అని గుండెలు బాదుకుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. తెలుగు కొత్తగా నేర్చిన కోడలు ఆ నియమాన్ని తెలుగింట పుట్టిన ఏ ఆడపిల్లా పట్టుకోనంత గట్టిగా పట్టుకుంది. ఆ రోజు నుంచి "ఏమండీ" తప్ప మరో మాట లేదు. అమ్మ సంతోషించింది. గడియారాలాయన మాత్రం లోలోపల ఆ పిలుపు కోసం మొహంవాచి ఉన్నాడు. పైకి చెప్పుకుంటే బావుంటుందా?

ఆఫీసులో ఆయన వంతు చకచకా అయిపోయింది. అమ్మతో బెంచీ మీద కూర్చుని గోడగడియారం రెండు నిమిషాలు వెనకుందని గొణుగుతుండగా, అధికారి మొహం ఎర్రగా చేసుకుని లోపలికి పిలిచాడు.

"మీ ఆవిడకు మీ బ్రష్షు రంగు తెలుసు, గురక తెలుసు, చెప్పుల సైజు తెలుసు. పేరొక్కటే తెలీదు!"

"తెలుసండీ. చెప్పదు. మా వైపు ఆడవాళ్లు భర్త పేరు పలకరు."

"ఆవిడ మీ వైపు కాదుగా! ఈ వెనక వీధి పిల్ల. వాళ్ల నాన్న దగ్గర ఇరవై ఏళ్లుగా రొట్టె కొంటున్నాను!"

ఆమె తలదించుకుని, "అత్తయ్యగారు వద్దన్నారండీ," అంది.

అత్తయ్యగారిని రప్పించారు. ఆమె తెలుగును అధికారి భాషలో చెప్పే పని కోడలిదే.

"ఈయన మీకేమవుతాడు?"

"నా కొడుకు బాబూ."

"పేరు?"

ఆవిడ చప్పున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "వాడిది మా మావగారి పేరు. కోడలన్నది మావగారి పేరు నోటితో పలుకుతుందా?"

"మరేమని పిలుస్తారు?"

"పెద్దోడా అని."

"రెండోవాడు ఎక్కడ?"

"లేడు. వీడొక్కడే."

కోడలు మాట పొల్లుపోకుండా చెప్పి, "నిజమేనండీ, మావగారి పేరైతే అసలు పలక్కూడదు," అని తన మాట కూడా ఒకటి జోడించింది.

అధికారి ఫైలు మూసేశాడు. "తల్లి చెప్పదు, పెళ్లాం చెప్పదు. ఇలాంటి మనిషి ఒకడున్నాడని నేనెలా రాసేది?"

గడియారాలాయన పెళ్లాం వైపు తిరిగాడు. "ఒక్కసారికి చెప్పవే. నెల తిరక్కుండా నేనక్కడ, నువ్విక్కడ!"

ఆమె కళ్లనిండా నీళ్లతో అత్తగారి వైపు చూసింది.

"చెప్పవే తల్లీ," అంది అత్తగారు. "పాపముంటే నా నెత్తిన వెయ్యి."

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, ఇంటిపేరుతో సహా చెప్పింది. ఒక్క అక్షరం కూడా విరగలేదు. రెండేళ్ల తర్వాత తన పేరు ఆ గొంతులో విని, అంత మనిషీ సర్కారు ఆఫీసులో నిలబడి బావురుమన్నాడు.

ఠప్పున స్టాంపు పడింది.

"పేరు చెప్పినందుకు కాదు," అన్నాడు అధికారి. "దొంగపెళ్లివాళ్లు ముందు బట్టీ పట్టేది పేర్లే. ఇంతవరకూ ఒక్కరూ తప్పలేదు. మీ ఆవిడ అత్తగారి మొహంకేసి చూసిందే, అప్పుడే తేలిపోయింది. కిరాయి కోడలికి అత్తంటే భయమెందుకు?"

"అయితే ఊరికే పలికించారా!" అని కోడలు ముందు అధికారి భాషలో, అది చాలక తెలుగులో విరుచుకుపడింది.

అత్తగారు పోయి ఇప్పటికి పదేళ్లు. ఆ ఇంట్లో నేటికీ "ఏమండీ"యే. "ఇప్పుడు వద్దనేవాళ్లెవరే, ఒక్కసారి పిలవకూడదూ?" అని ఆయన బతిమాలితే, "మళ్లీ ఆ కాగితం కోసం వెళ్లినప్పుడు చూద్దాం లెండి," అంటుంది.

ఆ రోజు వాళ్లిచ్చింది శాశ్వత నివాస పత్రం.